ఏమైనా మార్పులున్నాయా?

మెర్లీ మగ్‌బనువాకి ఇమిగ్రేషన్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చిన సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది. అప్పట్లో మేం ముగ్గురం ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళం కలిసి విన్నిపెగ్‌లో సార్జెంట్ వీధిలో రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. వారమంతా మిగతా ఇద్దరూ తాము చూసుకునే ముసలివాళ్ళ ఇళ్ళలోనే ఉండి పనిచేసేవాళ్ళు. శుక్రవారం సాయంత్రానికి సంచులు పట్టుకుని వచ్చేసేవాళ్ళు. నాకు అప్పటికే పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే హక్కు, వచ్చి ఆస్పత్రి వంటింట్లో ఉద్యోగం దొరికింది గానీ ఆ ఇల్లు మాత్రం వదల్లేకపోయాను. ఎండుచేపలు వేయించినా ముక్కు మూసుకోని మనుషులు ఇంకెక్కడ దొరుకుతారు?

ఆ శనివారం పొద్దున నేను ఇంకా కాఫీ కూడా కలుపుకోలేదు. మెర్లీ వచ్చి ఫోను నా చేతిలో పెట్టింది.

"బేబెత్, ఇది చదివి చెప్పు. నేను చదివింది నిజమో కాదో."

చదివాను. నిజమే. అన్ని పరీక్షలూ పూర్తయ్యాయి, వచ్చే నెల ఫలానా రోజు ఆఫీసుకొచ్చి అధికారి ఎదుట సంతకం పెడితే పీఆర్ ఇచ్చేస్తారు. ఇప్పుడంటే అంతా కంప్యూటర్ మీదే అయిపోతోంది. అప్పుడు మనిషిని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టి, నాలుగు ప్రశ్నలడిగి సంతకం తీసుకునేవాళ్ళు. దాన్ని ల్యాండింగ్ అంటారు, అంటే దేశంలో దిగడం. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటున్నవాళ్ళు కూడా ఆ సంతకంతోనే దిగినట్టు లెక్క.

"అంటే ఇన్నాళ్ళూ నేను గాల్లోనే ఉన్నానన్నమాట," అంది మెర్లీ. "మరి ఈ మోకాళ్ళ నొప్పులు ఎక్కణ్ణుంచి వచ్చాయో."

నవ్వుతూనే ఏడ్చేసింది. వాళ్ళ ఊరు ఇలోయిలోలో భర్త రోదెల్ జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండి నడుపుతాడు. కూతురు జైరాని పదమూడేళ్ళప్పుడు నాయనమ్మ దగ్గర వదిలి వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల కాలేజీలో ఉంది. వాళ్ళిద్దరి పేర్లూ మెర్లీ దరఖాస్తులోనే ఉన్నాయి. ఇక్కడ ఈవిడ సంతకం పడితే అక్కడ వాళ్ళకి వీసాలు వస్తాయి. మధ్యలో ఒక్కసారే ఊరికి వెళ్ళొచ్చింది. ఆ తర్వాత కూతురు పెరగడమంతా ఫోను అద్దంలోనే చూసింది.

ఆ సాయంత్రం, అంటే అక్కడ ఆదివారం పొద్దున, ఇంటికి ఫోను చేసింది. నేను పక్కనే కూర్చుని బీన్స్ తుంచుతున్నాను. రోదెల్ ముఖం కనపడింది. కబురు చెప్పగానే ఎగిరి గంతేస్తాడనుకున్నాం. వెనక్కి తిరిగి ఎవరివైపో చూశాడు.

"మంచిది," అన్నాడు. "మంచిదే కదా."

"అదేంటి, అంత చప్పగా అంటావు? జైరా ఏది?"

"పడుకుంది. ఒంట్లో బాగాలేదు."

"మొన్నా అదే చెప్పావు. అటుమొన్నా అదే చెప్పావు."

అంతలో లోపలెక్కడో ఒక పసిబిడ్డ ఏడ్చింది. కళ్ళు కూడా సరిగా తెరవని బిడ్డ ఏడుపు. మా వీధిలో పిల్లి కూడా అలాగే అరుస్తుంది.

"ఎవరది?"

"పక్కింటివాళ్ళది."

పసిపిల్లల్ని పెంచిన ఆడదానికి, ఏడుపు పక్కింట్లో నుంచి వస్తోందా పక్కగదిలో నుంచి వస్తోందా ఒకరు చెప్పక్కర్లేదు. మెర్లీ అలాగే చూస్తూ కూర్చుంది. రోదెల్ తల దించేశాడు. కాసేపటికి జైరాయే వచ్చి తండ్రి చేతిలో నుంచి ఫోను తీసుకుంది. ముఖం ఉబ్బి ఉంది. జుట్టుకి తువ్వాలు చుట్టి ఉంది.

"నాదే అమ్మా," అంది.

నేను బీన్స్ గిన్నె తీసుకుని అవతలికి వెళ్ళిపోయాను.

తర్వాత మెర్లీయే చెప్పింది. మగపిల్లాడు. పుట్టి నెల కూడా కాలేదు. వాడి తండ్రి ఓడమీద పనికి పోయాడు. పెళ్ళి లేదు, కలిసి ఉన్నదీ లేదు. ఫోను చేస్తే ఎత్తడు. కడుపు కనపడకుండా జైరా మెడ వరకే కెమెరా పెట్టి నెలల తరబడి తల్లితో మాట్లాడింది. "బొద్దుగా అయ్యావే, బాగా తింటున్నావా" అని మెర్లీ సంతోషపడుతూ ఉండేది కూడా.

ఇదంతా దాచమన్నది రోదెల్. కాగితాలు చివరికొచ్చాయి, ఇప్పుడు ఏ కదలిక వచ్చినా మొత్తం కూలిపోతుందని అతని భయం. అతని ఆలోచన అతనికి ఉంది. అతని చెల్లెలు మెల్బాకి పిల్లల్లేరు. బిడ్డని ఆవిడకే పుట్టినట్టు టౌన్‌హాల్లో రాయించేస్తారు. ఇంకా రాయించలేదు, ఈ వారంలో రాయించాలి. పేరు కూడా మెల్బాయే పెట్టుకుంటుంది. బిడ్డ ఆవిడకి, వీసా జైరాకి. ఎవరికీ నష్టం లేదు.

"తప్పేముంది?" అని అడిగాడట. "నువ్వు ఆఫీసులో నోరు విప్పకపోతే చాలు. అన్నీ అయిపోయాక రెండు మూడేళ్ళకి వాణ్ణీ పిలిపించుకుందాం."

ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. చింతపండు పులుపు బాగా పట్టించి సినిగాంగ్ పులుసు చేశాను. మాతో ఉండే గ్లెండా ఉంది. చర్చిలో పాటలు పాడించే పెర్పీ అక్క కూడా వచ్చింది. ఆవిడకి అరవై దాటాయి. విన్నిపెగ్ చలిని మాకందరికీ పరిచయం చేసింది ఆవిడే. మెర్లీ అన్నం కెలుకుతూ జరిగిందంతా చెప్పేసింది.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అంది గ్లెండా. "నోరు మూసుకుని సంతకం పెట్టు. ఆ పిల్లాడి సంగతి చెప్పావనుకో, వాడికీ డాక్టరు పరీక్ష అంటారు. కొత్త పాస్‌పోర్టు అంటారు. ఏడాది పడుతుంది. వాడికేదైనా జబ్బుందని తేలితే నీకు, మొగుడికి, కూతురికి, అందరికీ కలిపి కాదంటారు. ఆరేళ్ళ చాకిరీ గంగపాలు."

"అలా అందరికీ కలిపి కాదంటారా?" అని మెర్లీ నన్నడిగింది.

నేను పెర్పీ అక్క వైపు చూశాను. ఇలాంటివి మాకందరికీ ఆవిడే చెప్పాలి.

"అంటారు," అంది పెర్పీ అక్క. "గ్లెండా చెప్పింది అబద్ధం కాదు."

"చూశావా మరి."

"ఉండవే. నన్ను కూడా తిననీ, చెప్పనీ." చెంచా పక్కన పెట్టింది. "నాకొక కొడుకున్నాడు."

మేం ముగ్గురం తలెత్తాం. ఆవిడకి పిల్లల్లేరనే అందరం అనుకునేవాళ్ళం.

"ఆర్నెల్ అని. హాంకాంగ్‌లో పనిచేస్తున్నప్పుడు ఏజెంటు చెప్పాడు, ఒంటరిదాన్నని రాస్తే తొందరగా పనవుతుందని. పిల్లలు లేరని రాశాను. దిగేరోజు అధికారి మళ్ళీ అడిగాడు. లేరన్నాను. తర్వాత నిదానంగా తెచ్చుకోవచ్చనుకున్నా. నువ్వు దిగేనాటికి చెప్పని బిడ్డ ఇక నీ కుటుంబం కాదన్నారు. అప్పుడు కాదు, ఇప్పుడు కాదు, ఎప్పటికీ కాదు. లాయర్ల దగ్గరికి తిరిగాను. వాడు మీసాలొచ్చేదాకా ఎదురుచూసి విసుగొచ్చి దుబాయ్ పోయాడు. ఇప్పుడు నాతో మాట్లాడడు." మళ్ళీ చెంచా తీసుకుంది. "నేను పోతే మట్టెయ్యడానికి విజిట్ వీసా ఇస్తారేమో, అదొక్కటే ఆశ."

ఎవరమూ నవ్వలేదు. ఆవిడే కొంచెం నవ్వి పులుసు పోసుకుంది.

"అంటే చెప్పమంటావా అక్కా?" అంది మెర్లీ.

"నేనేమీ చెప్పమనడం లేదు పిల్లా. రెండు వైపులా ఏముందో చెప్పాను. నిద్ర పట్టకపోతే పట్టకపోయేది నీకే. నేనెవర్ని?"

ఆ తర్వాతి రోజుల్లో మెర్లీ రోదెల్‌తో పోట్లాడి ఒక్కటి మాత్రం సాధించింది. తను ఆఫీసుకి వెళ్ళొచ్చేదాకా బిడ్డని మెల్బా పేరున రాయించకూడదు. అతను ఒప్పుకున్నాడు గానీ ఒక మాట అన్నాడు. "ఇక్కడ లేనిదానివి నువ్వు. పిల్లకి జ్వరమొస్తే కూర్చున్నది నేను. కాన్పుకి ఆస్పత్రి బయట నిలబడింది నేను. ఇప్పుడొచ్చి నిర్ణయాలు నువ్వు చేస్తావా?"

ఆఫీసుకి వెళ్ళాల్సిన ముందు రోజు, మెర్లీ చూసుకునే ఫ్రీసెన్ ముసలావిడ కూతురు సెలవిచ్చింది. మెర్లీ మా ఇంట్లోనే ఉండి తెల్ల జాకెట్టు ఇస్త్రీ చేసుకుంటోంది. జైరా ఫోను చేసింది. ఈసారి నన్ను లేచిపోనివ్వలేదు మెర్లీ, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అమ్మా, రేపు లేదని చెప్పు," అంది జైరా.

"వాడు నీ బిడ్డ కదే."

"తెలుసు."

"పాలు నువ్వే ఇస్తున్నావా?"

"అత్త సీసా అలవాటు చేస్తోంది. అమ్మా, నాకు రావాలని ఉంది. ఆరేళ్ళ నుంచి అదొక్కటే అనుకుంటున్నాను. నా ఫ్రెండ్స్ అందరికీ చెప్పేశాను. ఇక్కడే ఉండిపోతే నాన్న బండి పక్కన నిలబడి చిల్లర ఏరుకోవడమే కదా."

"నువ్వు రావద్దని నేనన్నానా? ఇద్దరూ రండి. కొంచెం ఆలస్యమవుతుంది."

"కొంచెమా? పెట్టె సర్దుకోమని ఎన్నిసార్లు చెప్పావో నీకు గుర్తుందా?"

మెర్లీ ఇస్త్రీపెట్టెని జాకెట్టు మీదే వదిలేసి ఫోను దగ్గరికి జరిగింది.

"నువ్వు నన్ను నాయనమ్మ దగ్గర వదిలేసి వెళ్ళావు," అంది జైరా. గొంతు పెంచలేదు. పిల్లలకి లెక్క చెప్పినట్టు చెప్పింది. "నేనేం చచ్చిపోలేదు కదా. వాడూ బతుకుతాడు. మెల్బా అత్త మంచిదే."

ఇస్త్రీపెట్టె కింద బట్ట మాడిన వాసన వచ్చింది. నేను లేచి స్విచ్చి ఆపాను. మెర్లీ ఫోను వైపే చూస్తోంది. అవతల జైరా కూడా పెట్టెయ్యలేదు.

"సరే," అంది మెర్లీ చివరికి. "లేదని చెప్తాను. పడుకో."

ఆ సాయంత్రమంతా ఆవిడ మామూలుగానే ఉంది. మాడిన జాకెట్టుకి బదులు నాది వేసుకుని చూసుకుంది. అద్దం ముందు నిలబడి "లేదండీ. మార్పులేమీ లేవు," అని ఇంగ్లీషులో రెండు మూడు సార్లు చెప్పుకుంది. "గొంతు వణుకుతోందా?" అని నన్నడిగింది. లేదన్నాను. నిజంగానే వణకలేదు.

మర్నాడు నేనూ తోడు వెళ్ళాను. మార్చి నెల, మంచు కరిగి రోడ్డంతా బురద. ఆఫీసులో గాజు గదులేవీ లేవు. వరసగా బల్లలు, మధ్యలో చిన్న తడికెలు, అంతే. మెర్లీ వెనకున్న కుర్చీలో నన్ను కూర్చోమన్నారు. అధికారి నడివయసావిడ, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. మర్యాదగా మాట్లాడింది. పాస్‌పోర్టు చూసింది. ఇంటి చిరునామా అడిగింది. జైలుకెళ్ళారా, ఏ దేశం నుంచైనా పంపించేశారా అని అడిగింది. మెర్లీ అన్నిటికీ చకచకా జవాబు చెప్పింది.

"దరఖాస్తు పెట్టినప్పటి నుంచి మీ కుటుంబంలో ఏమైనా మార్పులున్నాయా? పెళ్ళి, విడాకులు, మరణం, పుట్టిన పిల్లలు?"

మెర్లీ వీపు మాత్రమే నాకు కనపడుతోంది. నా జాకెట్టు ఆవిడకి భుజాల దగ్గర బిగుతుగా ఉంది.

"నాకు పుట్టినవాళ్ళేనా?" అంది.

ఆ మాట ఎందుకడిగిందో నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అధికారి గనక 'అవును, మీకే' అని ఉంటే మెర్లీ ఆ అవునుని గట్టిగా పట్టుకుని బయటికొచ్చేసేది. అబద్ధమూ చెప్పినట్టు కాదు, కూతురికిచ్చిన మాటా పోయేది కాదు. ఆవిడ ఆ ఒక్క సందు కోసమే వెతికింది.

"మీకు పుట్టినవాళ్ళు, మీ మీద ఆధారపడిన పిల్లలకి పుట్టినవాళ్ళు కూడా," అంది అధికారి.

మెర్లీ చెయ్యి బల్లమీది పెన్ను దగ్గరికి వెళ్ళి ఆగింది.

"నాకో మనవడు పుట్టాడు," అంది.

అధికారి కళ్ళజోడు తీసేసింది. సంతకం పెట్టాల్సిన కాగితాలన్నీ దగ్గరికి లాక్కుని ఒకదానిమీద ఒకటి పేర్చింది. కోప్పడలేదు. ఇప్పుడు చెప్పడం మంచిదైందంది. ఈ రోజు మాత్రం ఏమీ ఇవ్వలేనని, ఫైలు వెనక్కి పోతుందని, బిడ్డని చేర్చి, డాక్టరు పరీక్ష అయ్యాక మళ్ళీ పిలుస్తారని చెప్పింది. ఎప్పుడు అంటే చెప్పలేనంది.

"పిల్లాడి పేరు?"

"ఇంకా పెట్టలేదు."

"తర్వాత పంపండి, పర్వాలేదు."

బయట బస్‌స్టాపులో మెర్లీ నా భుజం మీద తలపెట్టి, "ఏం చేశానే నేను?" అంది. ఏడవలేదు. రాత్రి దాకా అదే మాట. ఫ్రీసెన్ ముసలావిడ ఇంటికి తిరిగి వెళితే ఆవిడ, "ఏమ్మాయ్, దిగావా?" అని అడిగిందట. "లేదమ్మా, ఇంకా గాల్లోనే," అని చెప్పి టీ పెట్టడానికి వెళ్ళిందట.

జైరా మాట్లాడటం మానేసింది. రోదెల్ రెండు రోజులు తిట్టాడు, మూడో రోజు నుంచి అతనూ పొడిపొడిగా అవునూ కాదే. వారం తర్వాత జైరా దగ్గర నుంచి ఒక మెసేజ్ వచ్చింది. ముందూ వెనకా ఏమీ లేదు. ఎలియాజర్ మగ్‌బనువా, అంతే. టౌన్‌హాల్లో తల్లి పేరు దగ్గర తన పేరే రాయించిందని రోదెల్ చెప్పాడు. మెల్బా ఆ రోజు నుంచి వాళ్ళింటి గడప తొక్కలేదు. బిడ్డ కోసం కొన్న ఊయల మాత్రం ఒకరి చేత పంపించేసింది.

తర్వాత కథ వేగంగా చెప్పేస్తున్నాను గానీ జరగడం అలా జరగలేదు. పిల్లాడి పాస్‌పోర్టుకే వేసవి గడిచిపోయింది. డాక్టరు పరీక్షలో గుండెలో ఏదో శబ్దముందన్నారు, మళ్ళీ పరీక్షలు రాశారు. ఆ కబురొచ్చిన రోజు గ్లెండా మా ఇంట్లో ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే మెర్లీకి ఎక్కువ బాధేసింది. "తిట్టవే, నేనేమీ అనుకోను," అంది. గ్లెండా లేచి వెళ్ళి మెర్లీ బట్టలు కూడా కలిపి ఉతికి పెట్టింది. మెర్లీ వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడింది, మళ్ళీ పొడిగించుకుంది. ప్రతి ఆదివారం చర్చిలో పెర్పీ అక్క పక్కనే కూర్చునేది.

గుండె శబ్దం ప్రమాదమేమీ కాదని, పెద్దయితే దానంతటదే పోతుందని స్పెషలిస్టు రాసిచ్చాడు. మళ్ళీ పిలుపొచ్చేసరికి మరో చలికాలం సగమైంది. ఈసారి తోడు రావొద్దంది మెర్లీ. మధ్యాహ్నం నా ఆస్పత్రి వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడి, "అయిపోయింది," అని చెప్పి, బస్సు పోతుందని వెళ్ళిపోయింది. ఆ రోజు మేం పండగేమీ చేసుకోలేదు.

వాళ్ళు ఏప్రిల్‌లో వచ్చారు. విమానాశ్రయంలో రోదెల్ ముసలాడైపోయినట్టు కనపడ్డాడు. జైరా చంకలో పిల్లాడు. మెర్లీ చేతులు చాపితే వాడు తల్లి మెడని కరుచుకుని గుక్కపెట్టి ఏడ్చాడు. జైరా వాడి వీపు నిమురుతూ, "కొత్త కదా," అంది. తల్లిని కౌగిలించుకోలేదు. సామాను తోపుడుబండి మీద పెట్టుకుని నడిచింది.

రోదెల్ రెండు చలికాలాలు చూశాడు. గోదాములో పని దొరికింది, చేశాడు. మూడో చలికాలానికి ముందు ఊరికి వెళ్ళొస్తానని వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. మెర్లీకీ అతనికీ పెద్ద గొడవలేమీ లేవు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో లేనివాళ్ళకి ఒకే ఇంట్లో ఉండటం చేతకాలేదు, అంతే.

జైరాకి నేనే మా ఆస్పత్రి వంటింట్లో పని ఇప్పించాను. తల్లితోనే ఉంటుంది. ఇద్దరి మధ్యా పిల్లాడి బడి, భోజనం, జలుబు, ఇవే మాటలు. మెర్లీ ఇంటికి భోజనానికి వెళితే నాకు ఊపిరాడదు. ఎవరూ పోట్లాడుకోరు. గిన్నె అందించమంటే అందిస్తారు.

పోయినేడాది ఒక రోజు, రోగుల ట్రేలు సర్దుతుండగా జైరా ఉన్నట్టుండి అంది.

"పిన్నీ, ఆ రోజు మా అమ్మ లేదని చెప్పి ఉంటే నేను వాణ్ణి వదిలేసి వచ్చేసేదాన్ని."

"తెలుసు," అన్నాను.

"అది కాదు. సంతోషంగా వచ్చేసేదాన్ని. విమానంలో సినిమా చూసుకుంటూ వచ్చేదాన్ని." ట్రే మీద జావ గిన్నె పెట్టింది, మూత సరిచేసింది. "వాడు నిద్రపోతుంటే అది గుర్తొస్తుంది. నాకు నేనంటేనే భయమేస్తుంది."

"ఈ మాట మీ అమ్మకి చెప్పావా?"

"లేదు."

"చెప్పొచ్చుగా. ఆవిడ ఇన్నాళ్ళ నుంచీ..."

"నన్నడక్కుండా చేసింది పిన్నీ. సరేనని నాతో చెప్పి, అక్కడికెళ్ళి ఇంకొకటి చెప్పింది. అదీ నిజమే కదా."

నిజమే. తర్వాతి ట్రే అందించాను, ఆ పిల్ల అందుకుంది.

ఆ ఆదివారం చర్చిలో మెర్లీ నా పక్కనే కూర్చుంది. జైరా నాతో అన్నది చెప్పేద్దామా అని నాలుక చివరిదాకా వచ్చింది. జైరా ముందు వరసలో ఉంది, పిల్లాడు ఆమె భుజం మీద గడ్డం ఆనించి వెనక్కి తిరిగి మమ్మల్నే చూస్తున్నాడు. ఆ మాట చెప్పాల్సింది నేను కాదనిపించి ఊరుకున్నాను. ఇప్పటికీ జైరా చెప్పలేదు.